పచ్చని చెట్టు ఎందుకు కూలింది?

నేను ఆరో తరగతి చదువుతున్న ఏడాది మా గుంపులో ఒక ఇప్పచెట్టు కూలింది. దుక్కులు మొదలైన రోజులు. రాత్రి గాలివాన వచ్చింది. పెద్ద తుపానేం కాదు, ప్రతి ఏటా వానాకాలం మొదట్లో వచ్చే గాలే. తెల్లారేసరికి ఆ చెట్టు మా పశువుల కొట్టం మీద పడి ఉంది. కాడెద్దుల్లో ఒకటి అక్కడికక్కడే చచ్చిపోయింది. రెండోదానికి నడుం విరిగింది. మూడు రోజులు మూలిగి అదీ పోయింది.

మాది దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఉన్న కోయ గుంపు. ఎద్దులు లేని ఇంట్లో ఆ ఏడు సేద్యం ఎట్లా సాగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. నాయన, అమ్మ మిర్చి తోటల్లో కూలికి పోయారు. తమ్ముణ్ణి, చెల్లెల్ని చూసుకోవడానికి నేను హాస్టల్ వదిలి ఇంటికి వచ్చాను. సగం ఏడాది చదువు పోయింది.

అయితే ఈ వ్యాసం ఆ ఎద్దుల గురించి కాదు. చెట్టు కూలిన తెల్లారి గుంపులో పుట్టిన ఒక ప్రశ్న గురించి. "ఎండిన చెట్టు కూలిందంటే అర్థముంది. నిండా పచ్చగా ఉన్న చెట్టు ఊరికే ఎందుకు కూలుద్ది?" అని పెద్దలు ఒకరినొకరు అడుగుకున్నారు. నెల కిందట్నే దాని కింద మేం పూలేరుకున్నాం. ఆకు నిగనిగలాడుతోంది. పుచ్చు ఉన్నట్టు పైకి ఏమీ కనపడలేదు. జవాబు దొరకని ప్రశ్న ఎక్కువ రోజులు అట్లా ఉండదు. ఎవరో ఒకరి మీద పడుతుంది. మా గుంపులో అది ఒంటరిగా ఉండే ఒక ముసలామె మీద పడింది.

ఆమె నాకు వరసకు పెద్దమ్మ. భర్త చనిపోయి చాలా ఏళ్ళయింది. కూతురు గోదావరి అవతలి గుంపులో కాపురముంటోంది. ఆ ఇప్పచెట్టు పూలు మా రెండు ఇళ్ళూ పంచుకునేవి. ఆ విషయంలో మా అమ్మకూ ఆమెకూ ఎప్పుడో మాటామాటా వచ్చింది. ఆ పాత తగవు ఇప్పుడు అందరికీ గుర్తొచ్చింది. "చిల్లంగి" అన్న మాట మొదట ఎవరన్నారో తెలియదు. మూడో రోజుకల్లా అందరూ అంటున్నారు. ఆమెను ఎవరూ కొట్టలేదు. నిప్పు ఇవ్వడం మానేశారు. బోరింగు దగ్గర ఆమె వస్తే పక్కకు జరిగారు. కొత్తల పండుగకు పిలవలేదు. ఆ చలికాలంలో ఒక మూట కట్టుకొని కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మా ఇంట్లో కూడా ఆ మాట అన్నారు. నేను కూడా అన్నాను. పిల్లవాణ్ణి కదా అని ఇప్పుడు తప్పించుకోలేను.

చాలా ఏళ్ళ తర్వాత, డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతున్నప్పుడు, ఒక రోజు మా లెక్చరర్ బల్ల మీద ఒక ఎండిన వస్తువు పెట్టారు. అర్ధచంద్రాకారంలో ఉంది. పైన ఎర్రటి గోధుమరంగు, వార్నిష్ పూసినట్టు మెరుపు. చేటంత వెడల్పు. చెక్కలా గట్టిగా ఉంది. "ఇదేమిటో ఎవరికైనా తెలుసా?" అని అడిగారు. నాకు తెలుసు. పేరు తెలియదు గానీ దాన్ని నేను చూశాను. దాని మీద నిలబడ్డాను కూడా. ఆ ఇప్పచెట్టు మొదట్లో, కొట్టం వైపు, ఇలాంటివే రెండు మూడు ఒకదాని మీద ఒకటి ఉండేవి. మేం పిల్లలం వాటి మీద గోలీలు పెట్టుకునేవాళ్ళం. అడుగు భాగం తెల్లగా ఉండేది. పుల్లతో గీస్తే గోధుమరంగు గీత పడేది. చుట్టుపక్కల ఆకుల మీద కాఫీపొడి చల్లినట్టు దుమ్ము ఉండేది. పెద్దమ్మ దాన్ని "చెట్టు చెవి" అనేది. "దాని మీద ఎక్కకండి రా, చెట్టు వింటది" అని అదిలించేది.

లెక్చరర్ చెప్పిన పేరు గానోడెర్మా. బతికిన చెట్టు మొదట్లో, వేర్లలో చేరి లోపలి చెక్కను తినే శిలీంద్రం. ఆ రోజు క్లాసులో మిగతా పాఠం నాకు వినపడలేదు.

తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ఉపాధ్యాయ మిత్రులు ఈ విషయం తెలుసుకోవాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను. నాకు తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

ముందు చెట్టు ఒళ్ళు ఎట్లా ఉంటుందో చూద్దాం. వడ్రంగి పని చేసే వాళ్ళకు ఇది కొత్త కాదు. మానును అడ్డంగా కోస్తే బయట బెరడు, దాని లోపల తెల్లచెక్క, నడుమ చేవ. చెట్టుకు నీళ్ళు మోసేది తెల్లచెక్క. ఆకులు చేసిన ఆహారం కిందికి దిగేది బెరడు లోపలి పొరలో. నడుమ ఉన్న చేవ గట్టిదే కానీ, అది బతికి లేదు. చెట్టును నిలబెట్టడమే దాని పని. శిలీంద్రం చేవను మాత్రమే తింటూ ఉంటే నీళ్ళకూ ఆహారానికీ అడ్డం రాదు. అందుకే చెట్టు పైకి పచ్చగా ఉంటుంది, పూస్తుంది, కాస్తుంది. లోపల మాత్రం డొల్ల అవుతుంది. వేర్లు కుళ్ళితే ఇంకా ప్రమాదం. గాలి వచ్చినప్పుడు పట్టుకునేది ఏమీ ఉండదు. పచ్చని చెట్టు ఎందుకు కూలుద్ది అన్న మా పెద్దల ప్రశ్నకు జవాబు ఇదే.

మనం గొడుగు అనేది ఆ శిలీంద్రం మొత్తం కాదు. మామిడికాయ మామిడిచెట్టు కానట్టే. అసలు శిలీంద్రం సన్నని దారాల్లా చెక్క లోపల పాకి ఉంటుంది. చాలా ఏళ్ళు అట్లా తిన్న తర్వాత సిద్ధబీజాలు గాలిలో వదలడానికి బయటికి గొడుగు పెడుతుంది. కాబట్టి మాను మీద గొడుగు కనపడిందంటే లోపల పని ఎప్పుడో మొదలైందని అర్థం. గొడుగును పీకేస్తే రోగం పోదు. గుర్తు మాత్రమే పోతుంది.

శిలీంద్రాలు చెక్కను తినే తీరు ముఖ్యంగా రెండు రకాలు. చెక్కలో రెండు ముఖ్యమైన పదార్థాలుంటాయి. ఒకటి సెల్యులోజ్, పోగుల్లాంటిది. రెండోది లిగ్నిన్, ఆ పోగులను అతికించే బంక లాంటిది. మట్టిగోడలో గడ్డీ మట్టీ ఉన్నట్టు అనుకోండి. కొన్ని శిలీంద్రాలు లిగ్నిన్‌ను కూడా తింటాయి. మిగిలిన చెక్క తెల్లబడి, మెత్తబడి, పీచుపీచుగా అవుతుంది. దీన్ని తెల్లకుళ్ళు అంటారు. గానోడెర్మా ఈ రకమే. ఇంకొన్ని సెల్యులోజ్‌ను తినేసి లిగ్నిన్‌ను వదిలేస్తాయి. అప్పుడు చెక్క గోధుమరంగుకు తిరిగి, ఎండిన చెరువు మట్టిలా చదరాలు చదరాలుగా పగిలి, వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. ఇది గోధుమకుళ్ళు. సారపాక కాగితం మిల్లు మనందరికీ తెలుసు. కట్టెను రసాయనాలతో ఉడికించి లిగ్నిన్‌ను విడదీసి, పోగులను మిగుల్చుకుంటేనే గుజ్జు తయారవుతుంది. అంత పెద్ద యంత్రాలు, అంత వేడి పెట్టి చేసే పనిని తెల్లకుళ్ళు శిలీంద్రం అడవిలో చప్పుడు లేకుండా చేస్తోంది. అది లేకపోతే పడిన మాను పడినట్టే ఉండేది. అడవి నేలకు ఎరువు ఉండేది కాదు. కాబట్టి శిలీంద్రాన్ని శత్రువుగా చూడమని నేను చెప్పడం లేదు. గుర్తుపట్టమని చెబుతున్నాను.

మన అడవుల్లో, ఊళ్ళలో పిల్లలు తేలిగ్గా గుర్తుపట్టగలిగేవి కొన్ని ఉన్నాయి.

మొదటిది గానోడెర్మా. మాను మొదట్లో, నేలకు దగ్గరగా, లేదా వేరు మీద వస్తుంది. పైన ఎర్ర గోధుమ, కొన్ని రకాలకు మెరుపు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. పెరుగుతున్నప్పుడు అంచు తెల్లగా ఉంటుంది. అడుగున మొప్పలుండవు. సూదితో పొడిచినంత సన్నని రంధ్రాలుంటాయి. గీస్తే గోధుమరంగు పడుతుంది. తుమ్మ, సిరిసెన జాతి చెట్ల మీదా, కొబ్బరి, ఆయిల్‌పామ్ లాంటి వాటి మీదా వస్తుంది. అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఆయిల్‌పామ్ వేసిన మన వాళ్ళు ఇది బాగా తెలుసుకోవాలి. మొదలు కుళ్ళు తెగులు అనేది దీని వల్లే. చచ్చిన చెట్టును పైకి కొట్టేసి మోడు, వేర్లు నేలలోనే వదిలితే అవే పక్క చెట్టుకు అంటిస్తాయి. మొదలుతో సహా తవ్వి తీసేయాలి.

రెండోది ఫెల్లినస్ జాతి. గుర్రపు డెక్క ఆకారంలో మాను మీద ఎత్తున కూడా కనపడుతుంది. పైన నల్లగా, పగుళ్ళు పగుళ్ళుగా ఉంటుంది. చాలా గట్టిది. గొడ్డలితో కొట్టాల్సిందే. కోస్తే లోపల తుప్పు రంగు. ఏళ్ళ తరబడి పొర మీద పొర పెరుగుతుంది. హైస్కూలు ప్రయోగశాలలో పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంటే ఉపాధ్యాయుడే ఒక చుక్క ఆ తుప్పు రంగు భాగం మీద వేసి చూపించవచ్చు. నల్లబడుతుంది. పిల్లల చేతికి మాత్రం ఆ సీసా ఇవ్వకండి, చర్మం కాలుతుంది. ఇది చేవను తినేది. బతికిన పెద్ద చెట్ల మీద ఎక్కువ చూస్తాం.

మూడోది షిజోఫిల్లమ్. చిన్నది, బొటనవేలి గోరు నుంచి రెండు మూడు వేళ్ళ వెడల్పు దాకా ఉంటుంది. విసనకర్రలా, పైన తెల్లటి నూగుతో. అడుగున గీతలు నడిమికి చీలినట్టుంటాయి. ఎండలో ముడుచుకుపోతుంది, వాన పడితే మళ్ళీ విచ్చుకుంటుంది. మామిడి కొమ్మల మీద, ఎండదెబ్బ తగిలిన చోట, గాటు పడిన చోట వస్తుంది. అది వచ్చిన చోట బెరడు చచ్చిందని లెక్క.

ఇవి కాక, తేనెపట్టు గదుల్లాంటి రంధ్రాలున్న హెక్సగోనియా, నిప్పుకణిక రంగులో ఉండే పిక్నోపోరస్, బొగ్గు ఉండల్లా నల్లగా ఉండి కోస్తే లోపల వలయాలు కనపడే డాల్డీనియా ఉన్నాయి. ఇవి ఎక్కువగా చచ్చిన కట్టె మీదే వస్తాయి. బతికిన చెట్టు మీద కనపడితే ఆ కొమ్మ ఎండిందేమో చూడాలి.

వేరే వాటితో పొరబడకూడదు. బెరడు మీద అంటుకున్న బూడిదరంగు మచ్చలు రాతిపువ్వు లాంటివి, అవి చెట్టును తినవు. కొమ్మ మీద పచ్చగా గుబురుగా ఉండే బదనిక ఒక మొక్క, శిలీంద్రం కాదు. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు మాడిపోవడం అందరం చూశాం. అక్కడ కొమ్మల కొసలు ముందు ఎండి, రోగం పై నుంచి కిందికి దిగింది. మాను లోపల పుచ్చు పట్టడం వేరు. మనం కూర వండుకునే పుట్టగొడుగు ఇంకొక కథ. దాన్ని చెదలే పుట్టలో సాగు చేసుకుంటాయి. ఆ పేరు మన వాళ్ళు ఊరికే పెట్టలేదు. అయితే పుట్టగొడుగు తింటాం కదా అని మాను మీది గొడుగులను నోట్లో పెట్టవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

ఇప్పుడు అసలు విషయం. శిలీంద్రం లోపలికి ఎట్లా పోతుంది? బెరడు బాగున్నంత కాలం చెట్టు కోటలో ఉన్నట్టే. గాయమే తలుపు. మన చెట్లకు గాయాలు ఎవరు చేస్తున్నారో నిజాయితీగా చూసుకోవాలి. ఇప్పపూల కాలంలో ఏరుకోవడానికి సులువుగా ఉంటుందని చెట్టు కింద ఆకులు తగలబెడతాం. ప్రతి ఏటా అదే వైపు మొదలు కాలుతుంది. బెరడు చచ్చి రాలిపోతుంది. మా చెట్టుకు గొడుగులు వచ్చింది కాలిన వైపే. ఆ మంట పెట్టింది మా ఇల్లు, పెద్దమ్మ ఇల్లు, రెండూ. పూలేరే చోట చీపురుతో ఊడ్చుకోవచ్చు, పాత చీరలు పరుచుకోవచ్చు, వల కట్టుకోవచ్చు. కొంచెం పని ఎక్కువే. కానీ ఒక ఇప్పచెట్టు పూతకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మనకు తెలుసు.

తపసి బంక మరో పాఠం. మా నాయన తపసి చెట్టుకు గొడ్డలితో లోతుగా గాటు పెట్టేవాడు. బంక ఎక్కువ కారేది. రెండు మూడేళ్ళకు చెట్టు పుచ్చి చచ్చేది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, మనమంతా జీసీసీ అనేది, బంక కొంటూ వచ్చింది. తర్వాతి కాలంలో బంక తీసే వాళ్ళకు శాస్త్రీయ పద్ధతి నేర్పారు. చెక్కకు దెబ్బ తగలకుండా బెరడు మాత్రమే పైపైన, చిన్నగా తీయడం, చెట్టుకు విశ్రాంతి ఇవ్వడం. నాయన మొదట నవ్వాడు. "గీరితే బంకొస్తదా?" అన్నాడు. తర్వాత ఆయనే మాకు నేర్పాడు.

చెట్టు గాయాన్ని మాన్పుకోదు, మూసుకుంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో (1930–2006) చెట్లను కోసి కోసి చూసి ఈ సంగతి వివరంగా చెప్పాడు. మన చర్మంలా పాత కండ స్థానంలో కొత్త కండ రాదు. చెట్టు గాయం చుట్టూ గోడలు కట్టి, కుళ్ళును అక్కడే ఆపడానికి చూస్తుంది. బయట కొత్త చెక్క వేసుకుంటుంది. దీన్ని బట్టి మనం చేయాల్సినవి రెండున్నాయి. కొమ్మ కొట్టేటప్పుడు మానుతో కలిసే చోట ఉబ్బుగా ఒక మెడ ఉంటుంది. దాన్ని గీకకుండా, దానికి కొంచెం బయట, రంపంతో కోయాలి. మొండెం వదలకూడదు, మెడ తెగకూడదు. తొర్రలో సిమెంటు నింపకూడదు. నింపితే మూసినట్టు కనపడుతుంది, లోపల తడి నిలిచి కుళ్ళు సాగుతూనే ఉంటుంది. తొర్రను లోపల చెక్కి శుభ్రం చేయడం కూడా చెట్టు కట్టుకున్న గోడను మనమే పగలగొట్టడం.

చెద గురించి కూడా ఒక మాట. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి మీరు వినే ఉంటారు. 2017 చివర్లో దాని పెద్ద కొమ్మ ఒకటి కూలింది. చెద పట్టిందని తేలి, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చెట్టుకు చెదమందు ఎక్కించారు. పత్రికల్లో ఆ బొమ్మ చూసి మా బడి పిల్లలు నవ్వారు, తర్వాత ఆలోచించారు. చెదకు మందు ఉంది. మాను లోపల పాకిన శిలీంద్రానికి అట్లాంటి సులువైన మందు లేదు. గాయం కాకుండా చూడటం, ముందుగా గుర్తుపట్టడం, ఈ రెండే మన చేతిలో ఉన్నవి.

అట్లా అని గొడుగు కనపడిన ప్రతి చెట్టునూ కొట్టేయమంటే అది ఇంకో తప్పు. డొల్ల చెట్టు కూడా చాలా ఏళ్ళు బతుకుతుంది. గొట్టం డొల్లే అయినా నిలబడుతుంది, వెదురు చూడండి. అడవిలో చిలుకలు, గుడ్లగూబలు, కొమ్ముకత్తిరి పిట్టలు గూడు పెట్టేది తొర్రల్లోనే. తొర్ర తేనె కూడా అక్కడే. చెట్టు లోపల చేవ కుళ్ళకపోతే ఆ తొర్రలు ఎక్కడివి? అందుకని నేను పిల్లలకు రెండు ప్రశ్నలు నేర్పుతాను. చెట్టు ఎంత బలహీనంగా ఉంది? కింద ఎవరున్నారు? నట్టడవిలో గొడుగున్న చెట్టును దాని మానాన వదిలేయాలి. బడి వరండా మీదికి, అంగన్‌వాడీ మీదికి, సంత మీదికి, కొట్టం మీదికి వంగి ఉన్న చెట్టును రోజూ చూసుకోవాలి.

నేను ఇప్పుడు పనిచేసే బడి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. పిల్లలు మధ్యాహ్న భోజనం దాని కిందే తినేవాళ్ళు. గ్రామసభ కూడా అక్కడే కూర్చునేది. మూడేళ్ళ కిందట వానలు తగ్గాక ఏడో తరగతి పిల్లవాడు ఒకడు వచ్చి "సార్, చింతచెట్టుకు పళ్ళెం మొలిచింది" అన్నాడు. వెళ్ళి చూశాను. నాకు ఎద్దులు గుర్తొచ్చాయి.

మేం తొందరపడలేదు. ముందు రాయితో మాను చుట్టూ తట్టి విన్నాం. గట్టి చోట "టక్" మంటుంది, డొల్ల చోట డప్పులా మోగుతుంది. మోగిన చోట సుద్దముక్కతో గీత గీశాం. తర్వాత లెక్క. చుట్టుకొలత 3 మీటర్లు వచ్చింది. 3.14తో భాగిస్తే వ్యాసం సుమారు 95 సెంటీమీటర్లు, వ్యాసార్థం 48. చెట్లను పరీక్షించే వాళ్ళు స్థూలంగా ఒక లెక్క చెబుతారు. డొల్ల చుట్టూ మిగిలిన గట్టి చెక్క వ్యాసార్థంలో మూడో వంతు కంటే పల్చబడితే ప్రమాదం. మా చెట్టుకు 16 సెంటీమీటర్లన్నమాట. తొర్ర నోటి దగ్గర ఒక వైపు 20 ఉంది, రెండో వైపు 10 కూడా లేదు. పల్చగా ఉన్నది భోజనాల వైపు. ఎనిమిదో తరగతి పిల్లలకు వృత్తం లెక్క అంత శ్రద్ధగా నేను ఎన్నడూ చెప్పలేదు, వాళ్ళు ఎన్నడూ వినలేదు.

ఊళ్ళో మాట వచ్చింది. "మాస్టారు చింతచెట్టు మీద పడ్డాడు. మా తాతలు కూర్చున్న చెట్టు" అన్నారు. నేను ఒక రోజు పెద్దలందరినీ చెట్టు దగ్గరికి పిలిచి, ఒక్కొక్కరి చేతికీ రాయి ఇచ్చి తట్టమన్నాను. మోత వాళ్ళే విన్నారు. పటేల్ తాత చాలాసేపు తట్టి, చివరికి "లోపలంతా పోయింది రా" అన్నాడు. నేను చెప్పి ఉంటే ఒప్పుకునేవారు కాదేమో. అక్కడే మాట్లాడుకున్నాం. చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. మేం చెట్టును కొట్టకూడదనే అనుకున్నాం. అడగాల్సిన చోట అడిగి, భోజనాల వైపు బరువుగా వంగిన రెండు కొమ్మలను మెడ దగ్గర కోయించాం. భోజనాలు వరండాలోకి మార్చాం. చెట్టు ఎత్తంత దూరం ముళ్ళకంప కట్టాం. గ్రామసభ కానుగచెట్టు కిందికి వెళ్ళింది.

చెట్టు ఇంకా నిలబడే ఉంది. నా నిర్ణయం సరైందో కాదో ప్రతి గాలివానకూ మళ్ళీ ఆలోచిస్తాను. పిల్లలు సోమవారం సోమవారం తట్టి వస్తారు. ఒక నోటుబుక్కు పెట్టాం. చెట్టు పేరు, గొడుగు ఎక్కడుంది, నేల నుంచి ఎంత ఎత్తు, అడుగున రంధ్రాలా మొప్పలా, గీస్తే ఏ రంగు, గాయం దేని వల్ల, కింద ఎవరు తిరుగుతారు, అన్నీ రాస్తారు. బొమ్మ వేస్తారు. కలకత్తాకు చెందిన సహాయరామ్ బోస్ (1888–1970) బెంగాల్‌లో దొరికే ఇలాంటి మాను గొడుగులను దశాబ్దాల పాటు సేకరించి వర్ణించాడు. ఆయన మొదలుపెట్టిందీ ఇట్లా చూసి రాసుకోవడంతోనే. మన పిల్లలకు చూసే కన్ను పుట్టుకతోనే ఉంది. రాసుకునే అలవాటు చేయాల్సింది మనం.

కిందటి ఎండాకాలం నేను గోదావరి దాటి పెద్దమ్మ కూతురి గుంపుకు వెళ్ళాను. పెద్దమ్మ చనిపోయి చాలా కాలమైంది. అక్కకు కూడా ఇప్పుడు తల నెరిసింది. గట్టు మీద కూర్చోబెట్టి అంబలి ఇచ్చింది. నేను గానోడెర్మా గురించీ, కాలిన మొదలు గురించీ, చెట్టు ఎందుకు కూలిందో అంతా చెప్పాను. తప్పు మాదని చెప్పాను. ఆమె చివరి దాకా విన్నది.

"అమ్మకు తెలుసు తమ్ముడూ" అన్నది. "చెవులు లేసిన చెట్టు నిలవదని ఆమెకు తెలుసు. రోజూ దాని కింద పూలేరిన మనిషి కదా. చెట్టు పడుద్ది, కొట్టం జరుపుకో అని మీ నాయనకు రెండుసార్లు చెప్పింది. చెట్టు పడినాక అదే ఆమె మీదికొచ్చింది. పడుద్దని ముందే ఎట్లా తెలుసు అన్నరు."

నాకు మాట రాలేదు. నేను డిగ్రీ దాకా చదివి తెచ్చుకున్న విషయం మా గుంపులోనే, మా పక్కింట్లోనే ఉంది. చెప్పినా మేం వినలేదు.

ఇంటికి వచ్చాక నాయన్ని అడిగాను. ఆయనకిప్పుడు చూపు సరిగా లేదు. చాలాసేపు మాట్లాడలేదు. "అన్నది" అన్నాడు చివరికి. "కొట్టం ఇప్పుడెవడు జరుపుతడు, దుక్కులు అయినాక చూద్దాంలే అనుకున్న."

ఈ ఏడు మా బడి నోటుబుక్కులో ఒక కొత్త గడి గీశాం. "ఈ చెట్టు గురించి గుంపులో పెద్దవాళ్ళు ఏమన్నారు?" అని. మొదటి వరుసలో పిల్లలు చింతచెట్టు గురించి రాశారు. గానోడెర్మా అన్న మాట పక్కనే, మా పెద్దమ్మ మాట కూడా రాయించాను. చెట్టు చెవి.